వెనక పోర్షన్లో లినక్సు

ఉబుంటు మొట్టమొదటి వెర్షను 4.10. ముద్దుపేరు వార్టీ వార్ట్‌హాగ్. 2004 అక్టోబరు 20న విడుదలైంది కాబట్టి 4.10, అంటే సంవత్సరం, నెల. అప్పటికి నేను పలకా బలపం వదిలి నోటుబుక్కుల్లోకొచ్చిన వయసులో ఉన్నాను, అందుకని దాన్ని వాడే యోగం పట్టలేదు. పోయిన నెల దాని ఐఎస్ఓ ఫైలు దింపుకుని క్యూఈఎమ్‌యూలో ఎక్కించాను. (పాత విడుదలలన్నిటినీ ఉబుంటు వాళ్ళు ఇప్పటికీ ఒకచోట భద్రంగా దాచి ఉంచారు. ఈ ఒక్క విషయంలో వాళ్ళకి దణ్ణం పెట్టాలి.)

అది ఎలా ఎక్కించాలో చెప్పడానికి ఈ వ్యాసం రాయట్లేదు. అది చెప్పేవి బోలెడున్నాయి. ఆ ఇన్‌స్టాలరు నన్ను ఒక ప్రశ్న అడిగింది. దాని చుట్టూ ఉన్న చరిత్ర గురించి రాద్దామని కూర్చున్నాను.

ఇప్పటి ఉబుంటులాగా బొమ్మలూ గట్రా ఉండవు. డెబియన్ నుంచి తెచ్చుకున్న నీలం రంగు టెక్స్టు తెర. భాష, దేశం, కీబోర్డు అడిగాక అసలు మాటకొస్తుంది: డిస్కు మొత్తం తుడిచేయమంటావా, లేక పార్టిషన్లు నువ్వే చేసుకుంటావా? నేను ఆలోచించకుండా "మొత్తం తుడిచెయ్" అన్నాను. ఎందుకంటే అది 4 జీబీ ఉత్తుత్తి డిస్కు. నా లాప్‌టాప్‌లో ఒక మూల పడున్న ఒక ఫైలు, అంతే.

2004లో ఇదే ప్రశ్న ముందు కూర్చున్న కుర్రాడి సంగతి ఆలోచించండి. ఇంట్లో ఉన్నది ఒకే కంప్యూటరు. నాన్నగారు అప్పు చేసో, పీఎఫ్‌లోంచి తీసో కొన్నది. సీ డ్రైవులో విండోస్, డీ డ్రైవులో అక్క పెళ్ళి ఫొటోలు, ఘంటసాల పాటలు. ఆ డిస్కుని కత్తిరించి కొంత చోటు లినక్సుకివ్వాలి. తప్పు గీతమీద కత్తెర పడితే ఫొటోలు పోయినట్టే. ఆ తర్వాత ఎప్పుడో విండోస్ పాడై మళ్ళీ ఎక్కిస్తే, అది లినక్సు బూట్‌లోడరుని తుడిచేసి "ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు" అన్నట్టు కూర్చునేది. మా సీనియర్ సహోద్యోగులు ఈ కథలు యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల్లా చెప్తారు :-)

సీడీలు దొరకడం అప్పటికి పెద్ద కష్టం కాదు. 1990ల చివర్లోనే పీసీక్వెస్ట్ పత్రికతోపాటు లినక్సు సీడీలొచ్చేవి. 2003లో మొదలైన లినక్స్ ఫర్ యూ పత్రిక కూడా అదే బాట పట్టింది. ఉబుంటు అయితే ఇంకో అడుగు ముందుకేసి, అడిగినవాళ్ళకి అడిగినట్టు పోస్టులో ఉచితంగా సీడీలు పంపింది. ఆ ఖర్చు పెట్టుకున్నది మార్క్ షటిల్‌వర్త్. దక్షిణాఫ్రికావాడు. తన థాట్ కంపెనీని 1999లో వెరిసైన్‌కి అమ్మి, 2002లో సోయజ్ ఎక్కి అంతరిక్షానికి కూడా వెళ్ళొచ్చిన మనిషి. ఆయనకిదో లెక్కా? ఆ సీడీల పథకం 2011 ఏప్రిల్లో ఆగిపోయింది. మొత్తానికి మన హాస్టళ్ళ దాకా ఆ సీడీలొచ్చాయి. సీడీ చేతిలో ఉంది, ధైర్యమే లేదు. లినక్సు "చూడాలి" అనుకున్నవాళ్ళలో ఎక్కువమంది దగ్గర ఆగిపోయింది అక్కడే అని నా అనుమానం. కమాండ్లు కష్టమని కాదు, పార్టిషన్ టేబుల్ భయం.

మరి అప్పుడు వర్చువల్ మెషిన్ లేదా అంటే, ఉంది. ఎంతకాలం నుంచి ఉందంటే, లినస్ టోర్వాల్డ్స్ పుట్టకముందు నుంచి ఉంది.

1964లో ఐబీఎమ్‌కి చెందిన కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్లో (అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఉన్న కేంబ్రిడ్జ్) రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో అనే ఇద్దరి ఆధ్వర్యంలో సీపీ-40 అనే పని మొదలైంది. అప్పట్లో కంప్యూటరంటే ఒక గది. దాన్ని ఒకేసారి పదిమంది ఎలా పంచుకోవాలన్నది అప్పటి పెద్ద సమస్య. అందరూ ఆలోచించిన దారి, పదిమందినీ సంబాళించగల ఒక పెద్ద ఆపరేటింగ్ సిస్టం రాయడం. ఐబీఎమ్ కూడా అధికారికంగా టీఎస్ఎస్/360 పేరుతో అదే మొదలుపెట్టింది, అది ఆలస్యాలతో కుంటుతూ నడిచింది. కేంబ్రిడ్జి వాళ్ళు అడ్డంగా ఆలోచించారు. పదిమందికి ఒక పెద్ద ఆపరేటింగ్ సిస్టం ఎందుకు? ఒక్కొక్కరికీ సొంతంగా ఒక పూర్తి కంప్యూటరే ఉన్నట్టు భ్రమ కల్పిస్తే పోలా? ఆ భ్రమలో ఒక్కొక్కరూ ఒక చిన్న, ఒంటరి ఆపరేటింగ్ సిస్టం నడుపుకుంటారు. 1967 జనవరికల్లా సీపీ-40 పనిలోకి దిగింది. మార్పులు చేసిన ఒకే ఒక్క సిస్టం/360 మోడల్ 40 మీద 14 వర్చువల్ మెషిన్లు, ఒక్కోదానికి 256 కేబీ మెమరీ. తర్వాత సీపీ-67, ఆపైన 1972 ఆగస్టులో అసలు సిసలు ఉత్పత్తిగా వీఎమ్/370. అధికారిక ప్రాజెక్టు అటకెక్కింది. పక్క గదిలో పుట్టిన పిల్లాడు మాత్రం జెడ్/వీఎమ్ పేరుతో ఇప్పటికీ బతికున్నాడు. మన ఆఫీసుల్లో కూడా ఇలాంటివి చూస్తుంటాం కదా!

ఇంత పాత విద్య, మన బల్లమీది పీసీలోకి రావడానికి 1999 దాకా ఎందుకు పట్టింది? పీసీకి శక్తి చాలక అని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. మిగతా సగం నాకు మొత్తం ఈ కథలో బాగా నచ్చిన భాగం. కాస్త ఓపిగ్గా చదవండి.

వర్చువల్ మెషిన్ అంటే వెనక పోర్షన్ అద్దెకిచ్చినట్టు. అద్దెకున్న ఆపరేటింగ్ సిస్టానికి ఇల్లంతా తనదే అన్న నమ్మకం ఉండాలి. కానీ మెయిన్ స్విచ్చు, నీళ్ళ మోటారు లాంటివాటి మీద చెయ్యేస్తే, ఓనరుకి తెలియాలి. ఓనరు వచ్చి, అసలు మెయిన్ స్విచ్చు కట్టెయ్యకుండా, అద్దెవాళ్ళ పోర్షన్లో మాత్రం కరెంటు పోయినట్టు చేసి వెళ్ళిపోవాలి. ప్రాసెసరు భాషలో ఆ కాలింగ్ బెల్లుని ట్రాప్ అంటారు. 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు దీన్ని గణితంలా రాసిపెట్టారు. యంత్రం స్థితిని తాకే ప్రతి ఇన్‌స్ట్రక్షనూ, అనుమతి లేనివాడు వాడితే ట్రాప్ కొట్టి తీరాలి. అలా ఉంటే ఆ ప్రాసెసరు మీద వర్చువల్ మెషిన్ శుభ్రంగా కట్టొచ్చు.

ఇంటెల్ ఎక్స్86 ఈ పరీక్షలో తప్పింది. ఉదాహరణకి పాప్‌ఎఫ్ అని ఒక ఇన్‌స్ట్రక్షన్ ఉంది. స్టాక్ మీదున్న విలువని ఫ్లాగ్స్ రిజిస్టరులోకి ఎక్కిస్తుంది. ఆ ఫ్లాగుల్లో ఒకటి ఇంటరప్టులు తీసుకోవాలా వద్దా అని చెప్పేది. కెర్నెల్ స్థాయిలో పాప్‌ఎఫ్ వాడితే ఆ ఫ్లాగు మారుతుంది. మామూలు ప్రోగ్రాము స్థాయిలో వాడితే మారదు. ఫర్లేదు, మారకూడదు కూడా. కానీ ట్రాప్ కొట్టదు! మిగతా ఫ్లాగులు మార్చి, ఈ ఒక్కదాన్నీ గుట్టుచప్పుడు కాకుండా వదిలేస్తుంది. అద్దెకున్నవాడు మెయిన్ స్విచ్చు కట్టేశాననుకుని తడిచేత్తో వైరు పట్టుకుంటాడు. స్విచ్చు అసలు కదల్లేదు, ఓనరుకి బెల్లు మోగలేదు. తర్వాత ఏమవుతుందో మీకే వదిలేస్తున్నా. 2000లో జాన్ స్కాట్ రాబిన్, సింథియా అర్విన్ అనే పరిశోధకులు పెంటియంలో ఇలాంటి దొంగ ఇన్‌స్ట్రక్షన్లు 17 ఉన్నాయని లెక్క తేల్చారు.

తమాషా ఏంటంటే, వాళ్ళు లెక్క తేల్చేసరికే ఇంకొకరు ఆ గోడ దూకేశారు. స్టాన్‌ఫర్డ్‌లో మెండెల్ రోజెన్‌బ్లమ్, ఆయన విద్యార్థులు ఎడ్వర్డ్ బున్యన్, స్కాట్ డివైన్ కలిసి 1997లో డిస్కో అనే పరిశోధన ప్రచురించారు. ఐబీఎమ్ పాత ఆలోచనకి మళ్ళీ ప్రాణం పోయడమే అది. 1998లో డయాన్ గ్రీన్, ఎడ్వర్డ్ వాంగ్‌తో కలిసి వీఎమ్‌వేర్ పెట్టారు. 1999లో వర్క్‌స్టేషన్ వచ్చింది. వాళ్ళ ఉపాయం ఇది: అద్దెకున్న కెర్నెల్ కోడుని నేరుగా నడవనివ్వకుండా, నడవబోయే ముందు ముక్కముక్కగా చదివి, ఈ దొంగ ఇన్‌స్ట్రక్షన్లు కనిపించినచోట సురక్షితమైన కోడు రాసి, అనువదించిన ముక్కని నడపడం. బైనరీ ట్రాన్స్‌లేషన్ అంటారు. మామూలు ప్రోగ్రాముల కోడు ప్రాసెసరు మీద నేరుగానే పరిగెడుతుంది, కెర్నెల్ కోడుకి మాత్రమే ఈ దుబాసీ. అందుకే వేగం వచ్చింది. వినడానికి రెండు వాక్యాలు, రాయడానికి ఎన్ని నిద్రలేని రాత్రులో! మనం రోజూ రాసే కోడుని మనమే ఆర్నెల్ల తర్వాత చదవలేం, వీళ్ళు మైక్రోసాఫ్ట్ కెర్నెల్ బైనరీని నడుస్తుండగా చదివారు.

అప్పటి వీఎమ్‌వేర్ విండోస్ ఎన్‌టీ మీదా, లినక్సు మీదా నడిచేది. లినక్సు వాళ్ళకి అందులో ఆకర్షణ ఏంటంటే, లోపల విండోస్ నడుపుకోవచ్చు. అంటే లినక్సు ఇంటి ఓనరు, విండోస్ అద్దెకుండేది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను దీనికి.

2004కి తిరిగొద్దాం. వీఎమ్‌వేర్ డబ్బు పెట్టి కొనాలి. ఫ్రెంచ్ ప్రోగ్రామర్ ఫాబ్రీస్ బెలార్ 2003లో విడుదల చేసిన క్యూఈఎమ్‌యూ ఉచితమే కానీ, ప్రతి ఇన్‌స్ట్రక్షన్నీ అనువదించేది కాబట్టి నత్తనడక. పైగా 256 ఎంబీ ర్యామ్‌తో ఉన్న మెషిన్లో సగం అద్దెకిస్తే ఓనరుకీ ఊపిరాడదు, అద్దెవాడికీ ఊపిరాడదు. కాబట్టి మన కుర్రాడికి పార్టిషన్ కత్తెరే గతి.

తర్వాత మూడేళ్ళలో అన్నీ ఒక్కసారి కలిసొచ్చాయి. 2005 నవంబరులో ఇంటెల్, 2006లో ఏఎమ్‌డీ తమ ప్రాసెసర్లలోనే వర్చువలైజేషన్‌కి మద్దతు పెట్టారు. పోపెక్, గోల్డ్‌బర్గ్ అడిగిన కాలింగ్ బెల్లు ముప్పయ్యేళ్ళకి బిగించారన్నమాట. (మొదటి తరం ఎంత నెమ్మదంటే, వీఎమ్‌వేర్ ఇంజనీర్లు 2006లో కొలిచి చూస్తే వాళ్ళ పాత దుబాసీ పద్ధతే చాలా పనుల్లో మెరుగ్గా వచ్చింది. హార్డ్‌వేర్ అనగానే వేగం అనుకునేవాళ్ళకి మంచి చురక.) 2007 జనవరిలో ఇన్నోటెక్ అనే చిన్న జర్మన్ కంపెనీ వర్చువల్‌బాక్స్ సోర్సు కోడుని జీపీఎల్ కింద విడుదల చేసింది. 2007 ఫిబ్రవరిలో వచ్చిన లినక్సు 2.6.20లో అవి కివిటీ రాసిన కేవీఎమ్ చేరింది. ర్యామ్ చవకైంది. వార్టీ అడిగిన ఆ భయంకరమైన ప్రశ్నకి అప్పుడు కోరలు ఊడాయి.

నా తరం వాళ్ళం లినక్సు చూసింది ఇలాగే. వర్చువల్‌బాక్స్ దింపు, ఐఎస్ఓ పెట్టు, నెక్స్ట్ నెక్స్ట్. ల్యాబ్ పరీక్ష అయిపోతే ఆ ఫైలు డిలీట్.

ఇక మళ్ళీ నా వార్టీ దగ్గరికి. దాన్ని ఎక్కించేటప్పుడు అసలు తమాషా హార్డ్‌వేర్ ఎంపికలో ఉంది. దీని కెర్నెల్ 2.6.8. దానికి ఎన్‌వీఎమ్ఈ డిస్కంటే తెలీదు, ఆ డ్రైవరు లినక్సులోకి 2012లో వచ్చింది. వర్చువల్ మెషిన్ల కోసమే కనిపెట్టిన విర్ట్‌ఐఓ డిస్కులు, నెట్‌వర్కు కార్డులు కూడా తెలీవు. అవి 2008 జనవరి నాటి 2.6.24లో చేరాయి. యూఈఎఫ్ఐ మాత్రమే ఉన్న నా లాప్‌టాప్‌లో నేరుగా దాన్ని బూట్ చేయించడం అయ్యే పని కాదు. కాబట్టి దానికి తెలిసిన ప్రపంచం చూపించాలి. క్యూఈఎమ్‌యూలో "పీసీ" అనే మామూలు మెషిన్ ఎంచుకుంటే అది చూపించేది ఇంటెల్ 440ఎఫ్ఎక్స్ చిప్‌సెట్, 1996లో పెంటియం ప్రో కోసం వచ్చినది. ఐడీఈ డిస్కు, సిరస్ లాజిక్ గ్రాఫిక్స్, రియల్‌టెక్ 8139 నెట్‌వర్కు కార్డు. ఆ కార్డు పాత అసెంబుల్డ్ పీసీల్లో ఎక్కడ చూసినా ఉండేది.

440ఎఫ్ఎక్స్ మదర్‌బోర్డు నిజంగా నడుస్తున్నది చూడాలంటే ఇప్పుడు ఎక్కడికెళ్ళాలి? సికింద్రాబాద్ స్క్రాప్ దుకాణాల్లో కూడా దొరకదేమో. కానీ సాఫ్ట్‌వేర్ రూపంలో ఆ బోర్డు లెక్కలేనన్ని సర్వర్లలో బతికుంది. ఎందుకు దాన్నే ఎంచుకున్నారంటే, అప్పటికి విండోస్, లినక్సు, బీఎస్‌డీ అందరి దగ్గరా దాని డ్రైవర్లున్నాయి. వీఎమ్‌వేర్ కూడా ఇదే తర్కంతో 440బీఎక్స్ పట్టుకుంది. మనుషులు వాడటం మానేసిన యంత్రం, అందరూ ఎరిగినది కాబట్టి ఉమ్మడి భాషగా మిగిలిపోయింది. అవధానానికి వెళ్తే అందరికీ తెలిసిన ఛందస్సులోనే సమస్య ఇస్తారు కదా, అలాగన్నమాట.

256 ఎంబీ ర్యామ్ ఇస్తే వార్టీ హాయిగా లేచింది. మట్టిరంగు తెర, గ్నోమ్ 2.8, ఓపెన్ఆఫీస్ 1.1. రూట్ పాస్‌వర్డు లేకుండా సుడోతో పని కానివ్వడం అనే అలవాటు అప్పుడే ఉంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ డెస్క్‌టాప్‌లో ఉన్న పొందిక నాకు ఇప్పటి గ్నోమ్‌లో కనబడదు. మెనూ నొక్కితే మెనూ వస్తుంది, అంతే. ఇది నా సొంత అభిప్రాయం, కొట్లాటకి రాకండి.

ఒక సంగతి గమనించాను. ఏ పనీ చెయ్యకుండా ఊరికే వదిలేసినా ఈ వర్చువల్ మెషిన్ నా లాప్‌టాప్ ప్రాసెసరుని కొద్దికొద్దిగా తింటూనే ఉంది. కారణం వెతికితే ఆ కాలం కెర్నెల్ అలవాటు. 2.6 మొదట్లో ఎక్స్86 కెర్నెలు సెకనుకి 1000 సార్లు టైమర్ ఇంటరప్టు పెట్టుకునేది, పనున్నా లేకున్నా. సొంతింట్లో ఉన్నప్పుడు అది సమస్య కాదు. అద్దెకున్నప్పుడు సెకనుకి వెయ్యిసార్లు ఓనరుని లేపి "టైమెంతైంది?" అని అడిగినట్టు. ఓనరు ఒక క్షణం ఆలస్యం చేస్తే అద్దెవాడి గడియారం వెనకబడుతుంది. 2005లో వచ్చిన 2.6.13లో ఈ సంఖ్యని మార్చుకునే వీలిచ్చి, మామూలుగా 250కి దించారు. తర్వాత ఖాళీగా ఉన్నప్పుడు టిక్ అసలు కొట్టకుండా ఉండటం కూడా నేర్పారు. అంటే 2004 నాటి లినక్సుకి తాను అద్దెకుంటానన్న ఊహే లేదు. ఆ కోడు రాసినవాళ్ళు సొంతింటి లెక్కలోనే రాశారు.

ఇక ఫైర్‌ఫాక్స్. అందులో ఉన్నది 1.0 కూడా కాదు, ఆ 1.0 అదే ఏడాది నవంబరు 9న వచ్చింది. దాంతో ఇప్పటి వెబ్‌సైట్లు దాదాపు ఏదీ తెరుచుకోదు. కనీసం టీఎల్ఎస్ 1.2 ఉంటేనే సర్వర్లు మాట్లాడతాయి, ఆ ప్రమాణం 2008లో వచ్చింది. బ్యాంకు సైట్లు సరే, ఉత్త వార్తా పత్రిక కూడా గుమ్మంలోంచే వెనక్కి పంపింది. మిగిలింది పాత పద్ధతి హెచ్‌టీటీపీ. యాప్ట్ దాని మీద నడుస్తుంది కాబట్టి, సోర్సుల ఫైల్లో చిరునామా మార్చి పాత భాండాగారం వైపు తిప్పితే ప్యాకేజీలు ఇప్పటికీ దిగుతున్నాయి! ఇరవయ్యేళ్ళు దాటిన ఆపరేటింగ్ సిస్టం మీద కొత్తగా ఒక ప్రోగ్రాము ఎక్కించుకోగలగడం నాకు చిన్న విషయంగా అనిపించలేదు. ఈమధ్య ఒక ఫోను యాప్ సర్వరు ఆపేస్తే అందులోని నా నోట్సుతో సహా రెండేళ్ళకే పోయింది.

సరే, ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట. 1999లో లినక్సు ఓనరు, విండోస్ అద్దె. ఇప్పుడు మన ఆఫీసు లాప్‌టాపుల్లో ఏముంది? పైన విండోస్, లోపల డబ్ల్యుఎస్ఎల్ 2. 2019లో ప్రకటించిన ఆ రెండో వెర్షనులో ఉన్నది నిజమైన లినక్సు కెర్నెలే, హైపర్-వీ మీద ఒక తేలికపాటి వర్చువల్ మెషిన్లో. క్లౌడు చూస్తే అక్కడా అద్దెకే. అసలు క్లౌడు మొదలైందే ఇలా. 2006 ఆగస్టులో అమెజాన్ ఈసీ2 గంటకి పది సెంట్ల లెక్కన అద్దెకిచ్చింది లినక్సు మెషిన్లనే. విండోస్ అక్కడికి 2008 అక్టోబరుకి గానీ రాలేదు.

లినక్సే ముందు ఎందుకొచ్చిందన్నదానికి చాలామంది లైసెన్సు ఖర్చు అని చెప్తారు. నా దృష్టిలో ఇంకో కారణం ముఖ్యం. ఈసీ2 నడిచింది జెన్ మీద, ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పుట్టి 2003లో లోకానికి తెలిసిన హైపర్‌వైజర్. (రెండు కేంబ్రిడ్జులు ఈ కథలో!) ఎక్స్86 దొంగ ఇన్‌స్ట్రక్షన్లకి వీళ్ళ ఉపాయం వేరు. దుబాసీని పెట్టడానికి బదులు, అద్దెకొచ్చేవాడినే మార్చారు. "నువ్వు అద్దెకుంటున్నావు, మెయిన్ స్విచ్చు ముట్టుకోకు, కావాలంటే నన్నడుగు" అని కెర్నెల్ కోడులోనే రాశారు. అలా రాయాలంటే కోడు చేతిలో ఉండాలి. లినక్సు కోడు అందరి చేతిలోనూ ఉంది. విండోస్ కోడు మైక్రోసాఫ్ట్ దగ్గరే ఉంది. మార్చుకునే స్వేచ్ఛ ఉండబట్టే లినక్సు అందరికన్నా మంచి అద్దెదారు అయింది. స్వేచ్ఛ కోసం పుట్టిన లైసెన్సు ఫలితం ఇలా తేలుతుందని 1991లో ఎవరైనా ఊహించి ఉంటారా?

మైక్రోసాఫ్ట్ కూడా 2009 జులైలో హైపర్-వీ మీద లినక్సు బాగా నడవడానికి ఇరవై వేల లైన్ల డ్రైవర్ కోడుని జీపీఎల్ కింద ఇచ్చింది. అప్పట్లో అదో సంచలనం. ఆలోచిస్తే వింతేమీ లేదు, అద్దె బాగా వచ్చే వాటాకి ఏ ఓనరైనా సున్నం వేయిస్తాడు. అన్నట్టు, ఐబీఎమ్ 1999 డిసెంబరులో లినక్సుని మెయిన్‌ఫ్రేమ్ మీదికి తెచ్చాక, డేవిడ్ బోయెస్ అనే ఇంజనీరు 2000లో ఒకే మెయిన్‌ఫ్రేమ్‌లో వీఎమ్ మీద 41,400 లినక్సు కాపీలు లేపి చూపించాడు. 1967లో 14తో మొదలైన ఆ పాత ఇల్లే.

దీనివల్ల పోయింది ఏమీ లేదా? ఉంది. పార్టిషన్ కత్తెర పట్టుకున్న తరానికి బూట్‌లోడరు అంటే ఏమిటో, డిస్కు మొదటి సెక్టారులో ఏముంటుందో, డ్రైవరు లేకపోతే ఏమవుతుందో ఒంటికి తెలుసు. మా టీములో కొత్తగా చేరే పిల్లలు కంటైనర్లు గుక్కతిప్పుకోకుండా నడిపిస్తారు, కానీ మెషిన్ లేవకపోతే "ఇంకోటి లేపుదాం" అంటారు. వాళ్ళని తప్పు పట్టను, చాలాసార్లు అదే సరైన సమాధానం. అయితే "ఇంకోటి" ఎవరు లేపుతున్నారు, ఎవరి ఇంట్లో లేపుతున్నారు అన్నది మాత్రం అప్పుడప్పుడూ అడగాలి. ఎందుకంటే ఓనర్లు మారుతూ ఉంటారు. వర్చువల్‌బాక్స్ 2008లో సన్ చేతికి, 2010లో సన్‌తోపాటు ఒరాకిల్ చేతికి వెళ్ళింది. వీఎమ్‌వేర్ 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ చేతికి వెళ్ళింది. ఆ తర్వాత శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేసి సబ్‌స్క్రిప్షన్ పద్ధతికి మారడంతో ఎంతమంది అడ్మిన్లకి నిద్ర కరువైందో మీలో కొందరికి స్వయంగా తెలుసు. అదే కంపెనీ 2024లో వర్క్‌స్టేషన్‌ని ఉచితం చేసింది కూడా. ఇచ్చేదీ వాళ్ళ ఇష్టమే, తీసుకునేదీ వాళ్ళ ఇష్టమే. నేను క్యూఈఎమ్‌యూ వాడటానికి కారణం అదే, లేకపోతే ఆ చాంతాడంత కమాండ్ లైను టైపు చేసే సరదా నాకేమీ లేదు.

క్యూఈఎమ్‌యూకీ ఒక చిక్కుంది. పాత యంత్రాల్ని అంత భద్రంగా దాచడానికి మూల్యం ఉంది. 2015 మేలో వెనమ్ అనే భద్రతా లోపం బయటపడింది. అది ఎక్కడుందో తెలుసా? ఫ్లాపీ డిస్క్ కంట్రోలర్లో! ఎవరూ వాడని, చాలామందికి ఉందని కూడా తెలియని ఉత్తుత్తి ఫ్లాపీ డ్రైవు కోడులోంచి, అద్దెకున్న మెషిన్లో దూరినవాడు ఓనరు ఇంట్లోకి దారి చేసుకోవచ్చని తేలింది. క్యూఈఎమ్‌యూ కోడు వాడే జెన్, కేవీఎమ్, వర్చువల్‌బాక్స్ అన్నీ దెబ్బతిన్నాయి. ఆ తప్పు ఆ కోడులో 2004 నుంచీ ఉంది. వార్టీ వయసే దానికీ.

అందుకే క్లౌడు కంపెనీలు పాత సామాను బయట పారెయ్యడం మొదలుపెట్టాయి. అమెజాన్ 2018లో విడుదల చేసిన ఫైర్‌క్రాకర్‌లో ఫ్లాపీ లేదు, ఐడీఈ లేదు, గ్రాఫిక్స్ కార్డు లేదు. విర్ట్‌ఐఓ డిస్కు, విర్ట్‌ఐఓ నెట్‌వర్కు, ఒక సీరియల్ కన్సోలు, మెషిన్ ఆపడానికి మాత్రమే పనికొచ్చే ఒక కీబోర్డు కంట్రోలరు, దాదాపు అంతే. భద్రత దృష్ట్యా వాళ్ళు చేసింది నూటికి నూరుపాళ్ళూ సరైన పని. పరాయివాళ్ళ కోడుని పక్కపక్కన నడిపే చోట 1996 నాటి మదర్‌బోర్డుని మోయాల్సిన అవసరం లేదు. కాకపోతే అక్కడ వార్టీకి చోటు లేదు. డిస్కు కనబడదు, తెర కనబడదు. వార్టీకే కాదు, 2008కి ముందు విడుదలైన ఏ లినక్సుకీ లేదు.

వాటికి మిగిలిన ఇల్లు క్యూఈఎమ్‌యూలాంటి పాత లోగిళ్ళే. వాటిలో 440ఎఫ్ఎక్స్ కోడుని, సిరస్ కోడుని ఎవరో కూర్చుని కొత్త కంపైలర్లకి సరిపడేలా దిద్దుతూ ఉండాలి. నేను మెయిలింగ్ లిస్టులో ఆ ఫైళ్ళ మీద వచ్చే ప్యాచులు అప్పుడప్పుడూ చదువుతుంటాను. ఎక్కువగా చిన్న చిన్నవే, రెండు లైన్లు, మూడు లైన్లు. నా వార్టీ డిస్కు ఫైలుని మాత్రం ల్యాబ్ రోజుల్లోలా డిలీట్ చెయ్యలేదు. పక్క డిస్కులో కాపీ పెట్టాను, దాంతోపాటే ఆ రోజు వాడిన క్యూఈఎమ్‌యూ సోర్సు కూడా.